ఇద్దరు ఐవీలకీ ఒకటే గొంతు

క్సావెరి గారి గొంతు తెలియని ఇల్లు మా వార్సాలో లేదు. ముఖం తెలిసినవాళ్ళని మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మాంసం కొట్టు దగ్గర వరసలో నిలబడి "పావుకిలో హామ్, పల్చగా కొయ్యండి" అంటాడో లేదో, ముందున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారి వెనక్కి తిరుగుతారు. మొన్న శుక్రవారం బందిపోటై ఊరు తగలబెట్టిందీ, అంతకుముందు కన్నెపిల్ల కిటికీ కింద నిలబడి ప్రేమ వెళ్ళబోసుకుందీ ఈ గొంతే కదా! తీరా చూస్తే ఏముంది, ఉన్ని చొక్కా, బట్టతల, చేతిలో వల సంచి. "ఈయనా!" అన్నట్టు మూతి విరిచి మళ్ళీ ముందుకి తిరిగిపోతారు.

పరాయి దేశపు బొమ్మ ఏది టీవీలోకి వచ్చినా మా దగ్గర అందరి మాటలూ ఒక్క మగవాడే చదువుతాడు. ఆయన్ని లెక్టర్ అంటాం. అసలు గొంతుల్ని కిందికి దించడం నా పని, వాటిమీద చదవడం ఆయన పని. నటించకూడదు, అదే మొదటి నియమం. పసిపిల్ల తొలిపలుకైనా, ముసలాయన ఆఖరి మాటైనా రైలు వేళలు చదివినట్టే చదవాలి. ఈ విద్యలో క్సావెరి గారిని మించినవాడు లేడు. అది పొగడ్తో తిట్టో, పందొమ్మిదేళ్ళుగా గాజు అద్దానికి ఇవతల కూర్చున్న నాకే తేలలేదు.

ఒకసారి ఆస్పత్రి సీరియల్ చదువుతుండగా ఆయన నెత్తిమీద బల్బు పేలింది. "బోజెనా గారూ, బల్బు పేలింది, గాజుముక్క నా టీలో పడింది" అన్నాడు, అదే గొంతుతో. అది కూడా సర్జన్ గారి మాటేననుకుని నేను టేపు ఆపలేదు. అలాగే ప్రసారమైంది కూడాను. దేశంలో ఒక్కరంటే ఒక్కరు ఉత్తరం రాయలేదు.

ఇలాంటి మనిషికి లుద్వికా లాంటి పెళ్ళాం దొరకడం ఎవరు చేసుకున్న పుణ్యమో! ఆవిడ నోటికి తాళం లేదు. ముప్పై ఏళ్ళు పెళ్ళికూతుళ్ళ గౌన్లు కుట్టింది. ట్రామ్‌లో అవతలి చివర కూర్చున్న పిల్ల గౌను అంచు వంకర పోయిందని ఇవతలినుంచి చెప్పగలదు, చెప్పకుండా ఊరుకోనూ లేదు. పుట్టినరోజులా జరుపుకునే పేరు రోజు విందులో నాలుగు గ్లాసులు పడ్డాక ఎప్పుడూ ఒకే కథ మొదలెడుతుంది.

"ట్రామ్ కోసం నిలబడ్డాం. 'మనం పెళ్ళి చేసుకుందాం' అన్నాడు. నేను గొడుగు విప్పాను. వర్షం వస్తుందంటున్నాడనుకున్నాను! ముప్పై ఒక్క ఏళ్ళయింది బోజెనా, ఈ మనిషికి నామీద ప్రేముందో, కడుపులో మంటుందో ఇప్పటికీ తెలీదు. రెండూ ఒకేలా చెప్తాడు."

క్సావెరి గారు తల దించుకుని హెర్రింగ్ చేప ముక్క కోసుకుంటాడు. నవ్వాడో నొచ్చుకున్నాడో అందులోనూ తెలియదు.

తొంభై ఎనిమిదో సంవత్సరం శరదృతువు. గురువారాలు సాయంత్రం ఎనిమిదింటికి 'రేవు అమ్మాయి' అని ఒక అమెరికా సీరియల్ వచ్చేది. ఐవీ అనే పడవవాడి కూతురు నదిలోంచి లేచి వచ్చే దయ్యాలకి నచ్చజెప్పి వెనక్కి పంపిస్తూ ఉంటుంది. మా ఆడవాళ్ళకి ఆ పిల్లంటే ప్రాణం. లుద్వికా వాళ్ళ టీవీ పెద్దది కనక ఆ మెట్లవరస ఇళ్ళవాళ్ళందరూ ఇంటి చెప్పులతోనే అక్కడ చేరేవారు. నాలుగో అంతస్తు గెనోవేఫా, ఎదురింటి అక్కచెల్లెళ్ళిద్దరూ, వీలైనప్పుడల్లా నేనూ. గెనోవేఫా ట్రామ్‌లో టికెట్లు చూసే ఉద్యోగం చేసి దిగిపోయింది, చూపులోని అనుమానం మాత్రం దిగలేదు.

క్సావెరి గారు ఆ గదిలో కూర్చోడు. తన గొంతు తాను వినలేడు. ఆ గంటసేపూ వంటింట్లో తలుపు వేసుకుని బంగాళదుంపలు చెక్కుతాడు. అందుకే ఆ ఇంట్లో ప్రతి శుక్రవారం బంగాళదుంపలే.

ఆ అక్టోబరులో ఐవీకి ఒక జంట పుట్టుకొచ్చింది. నీళ్ళలో ఆ పిల్ల నీడ ఉంది చూశారూ, అది ఒడ్డెక్కేసి, అసలు పిల్లని నీళ్ళ అడుక్కి తోసేసి, ఏమీ ఎరగనట్టు ఇంటికెళ్ళి తండ్రి చేసిన సూపు తాగుతూ కూర్చుంటుంది. అదే ముఖం, అదే గౌను, అదే నటి. నీడ కదా, పాపిడి మాత్రం అవతలి వైపు. అదొక్కటే తేడా. కథ రెండు వారాలు సాగుతుంది.

మొదటి భాగం రికార్డు చేసే రోజు నాకే గందరగోళమైంది. లెక్టర్ చేతికిచ్చే కాగితాల్లో మాటలే ఉంటాయి, ఎవరి మాటో ఉండదు.

"క్సావెరి గారూ, 'నేనే ఐవీని', 'కాదు నేనే ఐవీని' అని పేజీ పొడుగునా ఉంది. వినేవాళ్ళకి ఏది ఏదో ఎలా తెలుస్తుందండీ? దయ్యం మాటలు కాస్త, ఇంతంటే ఇంత, దించి చదవకూడదూ?"

ఆయన కళ్ళజోడు మీదుగా చూశాడు. "బొమ్మ ఉంది కదండీ. కళ్ళున్నవాళ్ళు చూసుకుంటారు."

పాపం, ఆ మాట తర్వాత ఆయన్ని ఎంత తినేసిందో నాకు తెలుసు.

గురువారం అందరం చేరాం. లుద్వికా గసగసాల రొట్టె కోసింది, ముక్కలు ఒకటి వేలంత, ఒకటి చెయ్యంత. నేను పెద్దగా పట్టించుకోలేదు. టీవీలో నీడ-ఐవీ తండ్రి పక్కన చేరి, "నాన్నా, నేనిక నిన్ను వదిలి ఎక్కడికీ వెళ్ళను" అంది. అంటే క్సావెరి గారు అన్నాడు.

"నా బంగారు తల్లే! కడుపునిండా తాగమ్మా సూపు" అంది లుద్వికా, కళ్ళు తుడుచుకుంటూ.

గెనోవేఫా టీ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "ఎవర్నే బంగారు తల్లి అంటున్నావ్? అది దయ్యం! పాపిడి అటు లేదూ? నీ బంగారు తల్లి నీళ్ళ కింద గుడ్లు తేలేసి ఉంటే!"

అక్కచెల్లెళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, దాచడం ఎందుకు. లుద్వికా మెడ దాకా ఎర్రబడింది.

"వేళాకోళానికన్నానే! నాకు తెలీదనుకున్నావా?" అని కసిరింది. తర్వాత అసలు ఐవీ నీళ్ళలోంచి పైకొచ్చింది, ఇద్దరు ఐవీలూ పడవమీద ఎదురెదురుగా నిలబడి కీచులాడుకున్నారు. తండ్రి లాంతరెత్తి ఎవరు తన బిడ్డో తెలియక అల్లాడిపోయాడు. అక్కడ ఆగింది భాగం. ఆ చివరి పావుగంటా లుద్వికా నోట ఒక్క మాట రాలేదు. ఆవిడ పావుగంట నోరు మూసుకోవడం అదే మొదలు.

మర్నాడు పొద్దున్న క్సావెరి గారు స్టూడియోకి వచ్చి, మెత్తటి చెప్పులు వేసుకుని, మైకు ముందు కూర్చుని, "లుద్వికాకి కళ్ళు కనబడటం లేదు" అన్నాడు.

మైకు సరిచూసుకుంటున్నాడనుకున్నాను. ఏ సీరియల్‌దో ఒక వాక్యం. "సరిగ్గా వినిపిస్తోంది, కానివ్వండి" అని బొటనవేలు చూపించాను.

"చదవడం లేదండీ. మా లుద్వికా గురించి చెబుతున్నాను."

యంత్రం కట్టేసి లోపలికెళ్ళాను.

వంటింట్లో దుంపలు చెక్కుతూ అంతా విన్నాడట. ట్రామ్ చివరినుంచి కుట్టు వంకర పట్టేసే మనిషికి మూడడుగుల దూరంలో పాపిడి కనబడకపోవడం ఏమిటని అప్పుడు వెలిగింది. వెలిగాక మిగిలినవన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి. నడుం నొప్పని వసంతంలోనే కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసింది. ముఖం నేరుగా చూడకుండా చెవివైపు చూస్తూ మాట్లాడుతోంది. ఎండాకాలమంతా ఎండుపళ్ళ పానకంలో పంచదారకి బదులు ఉప్పు పడుతూనే ఉంది.

"మరి మీరేం చేశారు?"

"తాగాను."

"ఏమన్నారు?"

"బాగుందన్నాను. ఆవిడ మనసు కష్టపెట్టడం ఎందుకని."

నాకు ఒళ్ళు మండింది. "అయ్యా మహానుభావా! మీరు ముఖం చిట్లించి ఒక్కసారి ఛీ అని ఉంటే ఆవిడకి తన తప్పు తెలిసేది, అప్పుడే నోరు విప్పేదేమో! మనిషా, ఫ్రిజ్జా మీరు?"

కాగితాలు ఆయన ముందున్నాయి గాని చేతులు వాటిమీద లేవు, ఒళ్ళో ఉన్నాయి. "అడిగితే ఒప్పుకోదు. నలుగురిలో నవ్వులపాలయింది, ఇక అస్సలు ఒప్పుకోదు. వచ్చే గురువారం మళ్ళీ వాళ్ళందరూ వస్తారు. గెనోవేఫా గారు కనిపెట్టుకుని కూర్చుంటారు" అన్నాడు.

అదీ సంగతి. కళ్ళు పోతున్నాయని లుద్వికా ఒప్పుకోదు, డాక్టరు దగ్గరికి కదలదు. ఇంకోసారి ఆ గదిలో పరువు పోయిందంటే తలుపు మూసుకుని లోపలే ఉండిపోయే రకం. పాపిడి కనబడదు. నటి గొంతులో తేడా లేదు. దానిమీద ఈయన గొంతు ఇంకో దుప్పటి కప్పినట్టు. దేశంలో ఇన్ని లక్షల మంది చూస్తుంటే, ఎవరు ఐవీయో ఎవరు దయ్యమో తెలియకుండా చేసి తన పెళ్ళాన్నే చీకట్లో కూర్చోబెట్టాడు.

మంగళవారం రెండో భాగం రికార్డింగు. నేను మనసు గట్టి చేసుకుని వెళ్ళాను. "దయ్యం మాటలకి కాస్త విషం కలపండి. చానెల్ పెద్దాయన అరిస్తే యంత్రం చెడిందని చెప్తాను" అన్నాను. ఊరికే అన్న మాట కాదది. పోయిన నెలే తల్లి చనిపోయే సన్నివేశం చదువుతూ ఒక లెక్టర్ గొంతు జీరబోనిచ్చాడని ఆ పెద్దాయన పని మాన్పించాడు.

క్సావెరి గారు తల ఊపి, గొంతు సవరించుకుని, జీవితంలో మొదటిసారి నటించాడు.

ఏం చెప్పను! "నేనే ఐవీని, నాన్నా" అన్నాడు దయ్యంలాగా. దవడపన్ను పీకించుకుని దూది పెట్టుకుని వచ్చినవాడు ఇల్లు అద్దెకడిగినట్టుంది. మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి మేక. మూడోసారికి నేను బల్ల కిందికి వంగిపోయి నవ్వు ఆపుకోలేక గుడ్లనీళ్ళు పెట్టుకున్నాను. ఆయన మాత్రం ఓపిగ్గా ఏడుసార్లు చదివి, టేపు వెనక్కి తిప్పించుకుని మొత్తం విన్నాడు.

"చెరిపెయ్యండి" అన్నాడు.

"పోనీ కాస్త మెత్తగా..."

"దేశమంతా వినేది ఇది. ఆవిడ ఒక్కతే వినాల్సింది ఇందులో పెట్టకూడదండీ" అని, మొదటి పేజీ తీసి, ఎప్పటిలాగే చదవడం మొదలెట్టాడు. మంచిదానికీ చెడ్డదానికీ ఒకటే గొంతు. నీళ్ళల్లో పడుతున్నదాని కేకకీ, పడవలో ఏడుస్తున్నదాని పిలుపుకీ ఒకటే గొంతు. నవ్వు ఎటుపోయిందో, నాకు పిచ్చికోపం వచ్చింది. ముప్పై ఏళ్ళు చదివి చదివి ఈ మనిషికి లోపల కూడా ఏమీ మిగల్లేదనుకున్నాను. వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా కోటు తగిలించుకుని వచ్చేశాను.

గురువారం వెళ్ళకూడదనే అనుకున్నాను. కాని లుద్వికా నవ్వులపాలవుతుంటే పక్కన ఒక్కరైనా ఉండాలి కదా అని వెళ్ళాను. గెనోవేఫా అప్పటికే టికెట్లు చూసే ముఖం పెట్టుకుని కుర్చీ లాక్కుంది. నాకు సోఫా పక్కన పీట దొరికింది. లుద్వికా మోకాళ్ళమీద దుప్పటి కప్పుకుని, పెళ్ళివారింటికి వెళ్ళేదానిలా ముస్తాబై కూర్చుంది. పెదాల రంగు ఒక పక్కకి పోయింది. ఎవరూ చెప్పలేదు.

సీరియల్ పాట మొదలవుతుండగా వంటింటి తలుపు తెరుచుకుంది. క్సావెరి గారు చేతులు తుడుచుకుంటూ వచ్చి సోఫాలో భార్య పక్కన కూర్చున్నాడు.

"అయ్యవారు దయచేశారే! బంగాళదుంపలు అలిగాయా?" అంది గెనోవేఫా.

"అయిపోయాయి" అన్నాడు.

"నీ గొంతు నువ్వు వినలేవుగా? ఏమొచ్చింది ఇవాళ?" అంది లుద్వికా.

"చలి వేస్తోంది" అని దుప్పటి అంచు తన మోకాళ్ళమీదికి కూడా లాక్కున్నాడు.

పీటమీద కూర్చున్నదాన్ని కనక నాకు దుప్పటి పక్కనుంచి కనిపిస్తోంది. టీవీలో పడవ, పడవమీద ఇద్దరు ఐవీలు. ఒకతె "నాన్నా, దాని మాట నమ్మకు" అంది. దుప్పటి కింద ఆయన చెయ్యి లుద్వికా చేతిని గట్టిగా నొక్కింది.

"ఏంటి?" అని గొణిగింది లుద్వికా.

రెండో ఐవీ ఏదో అంది. చెయ్యి ఊరుకుంది. మొదటిది మళ్ళీ నోరు విప్పింది, చెయ్యి మళ్ళీ నొక్కింది. మూడోసారికి లుద్వికా ముఖం టీవీవైపునుంచి మెల్లగా మొగుడివైపు తిరిగింది. చాలాసేపు అలాగే ఉంది. ఆవిడకి ఏది ఎంత కనిపించిందో నాకు తెలియదు. తర్వాత ముందుకి తిరిగి వీపు నిటారుగా చేసుకుని కూర్చుంది.

ఇక చూసుకోండి ఆవిడ జోరు! నీడ-ఐవీ నోరు తెరవడం పాపం. "ఛీ, నీ నోరు పడిపోనూ! తండ్రిని ఎలా బులిపిస్తోందో చూడవే!" అని శాపనార్థాలు. అసలు ఐవీ మాట్లాడితే "చెప్పమ్మా, గట్టిగా చెప్పు" అని వత్తాసు. గెనోవేఫా నాలుగైదుసార్లు పరీక్షగా చూసి, "పోయినవారం నిజంగానే వేళాకోళమాడావన్నమాట!" అంది.

"నేను చెప్పలేదూ!" అంది లుద్వికా.

నాకు సిగ్గేసింది. ఈ మనిషిని నేను ఫ్రిజ్జన్నాను.

చివరికి వాన, తోపులాట. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు, జుట్టు ముఖానికి అతుక్కుపోయింది. పాపిడి అన్నదే లేదు. తండ్రి లాంతరు విసిరేసి ఒకదాన్ని నీళ్ళలోకి తోసేశాడు. ఒక కేక, ఒక బుడుంగు. రెండోది పడవలో కూలబడి వణుకుతోంది.

"ఏది పోయింది?" అంది గెనోవేఫా గ్లాసు గాల్లోనే ఆపి.

"మంచిదే పోయిందే, మిగిలినదాని ముఖం నీలంగా ఉంది చూడు" అంది అక్క. "కాదు, చెడ్డది" అంది చెల్లెలు. నాకూ తెలియలేదు. రికార్డు చేసేటప్పుడు కోపంలో బొమ్మవైపు చూస్తే కదా! అన్ని కళ్ళున్న గదిలో ఒక్కరికీ తెలియలేదు. లుద్వికా చూపు టీవీమీద లేదు, దుప్పటిమీద ఉంది.

పడవలో మిగిలిన పిల్ల తలెత్తింది. క్సావెరి గారి గొంతు, రైలు వేళల గొంతు, "నాన్నా, చలిగా ఉంది, ఇంటికి వెళ్దాం" అని చదివింది.

దుప్పటి కదల్లేదు.

"బతికింది నా తల్లి!" అంది లుద్వికా.

"నీకెలా తెలుసే?" అన్నారు ముగ్గురూ ఒక్కసారి.

"కూతురి గొంతు తెలియదా తల్లికి?" అంది. నిమిషం తర్వాత ఆ పిల్ల జుట్టు వెనక్కి తోసుకుంది, పాపిడి ఇటువైపే ఉంది. గెనోవేఫా గ్లాసు దించి, నిజాయితీగా చప్పట్లు కొట్టింది.

అందరూ వెళ్ళిపోయారు. నేను నడవాలో కూర్చుని బూటు జిప్పుతో కుస్తీ పడుతున్నాను. అది సగంలో ఇరుక్కుంది. వాళ్ళు సోఫాలోంచి లేవలేదు, నేనున్న సంగతీ మరిచిపోయినట్టున్నారు. వినకూడదని తెలుసు, విన్నాను.

"ఎప్పుడు తెలిసింది?" అంది లుద్వికా.

"పోయిన గురువారం."

"నాకు మార్చి నుంచి. నడిమధ్యన మరక, చుట్టూ మసక. నీకు చెప్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. చెప్తే నువ్వు 'అలాగా' అంటావు, ఆ గొంతుతో. అప్పుడు భయపడేది నేనొక్కదాన్నే అవుతాను. ఆ మాట వినలేక ఊరుకున్నాను."

"నాకు భయంగా ఉంది" అన్నాడు క్సావెరి గారు. ప్రమాణం చేసి చెప్తాను, ఆ గొంతులో ఇసుమంత తేడా లేదు. పావుకిలో హామ్ అడిగినట్టే ఉంది.

"తెలుసు. ఆ చెయ్యి వణుకుతూనే ఉంది, మొదటినుంచీ" అంది లుద్వికా. ముక్కు చీదుకుంది. "చెడ్డది మాట్లాడితే నొక్కావు, సరే. మంచిది మాట్లాడినప్పుడు ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదు. పట్టుకునే ఉన్నాను."

"అయితే డాక్టరు దగ్గర కూడా అలాగే" అంది లుద్వికా.